నైట్ హాల్టు పుస్తకాలు: గ్రంథాలయంలో అడిగి మరీ తీసుకోవలసినవి

నేను ఆర్టీసీ కండక్టర్‌ను. ఊరు గద్వాల, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ. నెలలో పది పన్నెండు రాత్రులు హాల్టు బస్సు మీదే ఉంటాను. రాత్రి ఎనిమిదిన్నరకు చివరి ఊరు చేరతాం, తెల్లారి ఐదున్నరకు మొదటి ట్రిప్పు. క్యాష్ లెక్క చూసుకుని, అన్నం తిని, డ్రైవరన్న వెనక సీట్లో పడుకున్నాక నాకు రెండు గంటల తీరిక దొరుకుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆ రెండు గంటలూ గ్రంథాలయం పుస్తకాలకే ఇస్తున్నాను.

నవలలు అందరూ తీసుకెళ్తారు, వాటికి నా సిఫారసు అక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నవి చరిత్ర, భాష, మనుషుల బతుకులు, సైన్సు పుస్తకాలు. ఇవి చాలాచోట్ల తాళం వేసిన బీరువాలో ఉంటాయి. నేను హాల్టుకు పోయే ఒక మండల కేంద్రంలో ఆ తాళం తీయించడానికి నాకు మూడు వారాలు పట్టింది. తీస్తే పైఅరలో దుమ్ము పట్టి, తేదీ ముద్రల కాగితం మీద ఒక్క ముద్ర కూడా లేకుండా బంగారంలాంటి పుస్తకాలు ఉన్నాయి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు పోతుంది. ఆ పుస్తకాలు మన డబ్బుతో కొన్నవి. మొహమాటపడకుండా అడగండి.

పుస్తకం ఎంచుకోవడంలో నాకు ఒకటే పట్టింపు. ఏ మాట చెప్పినా అది ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. డబ్బులు తీసుకుని టికెట్టు ఇవ్వకపోతే ఎలా ఉంటుందో, ఆధారం చూపకుండా "మన పూర్వీకులకు అన్నీ తెలుసు" అనే పుస్తకం నాకు అలా ఉంటుంది. అలాంటివి గ్రంథాలయాల్లో కుప్పలుగా ఉన్నాయి. వాటిని దాటుకుని పోతే దొరికేవి ఇవి.

మొదట సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. ఆయన మా నడిగడ్డ వారే కాబట్టి ముందు పెట్టాననుకోకండి. ఎక్కడివారైనా ముందే పెట్టేవాణ్ణి. 1949లో వచ్చిన పుస్తకం. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి బహుమతి 1955లో దీనికే వచ్చింది. అప్పటికి రెండేళ్ల ముందే ఆయన పోయారు. రాజులు, యుద్ధాలు మనకెందుకు, ఆ రోజుల్లో జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, దేనికి భయపడ్డారు అన్నది ఆయన లెక్క. అది ఎక్కడ దొరుకుతుంది? కావ్యాల్లో. పాల్కురికి సోమన, శ్రీనాథుడు, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి. పద్యంలో అలంకారం కోసం చూడకుండా సాక్ష్యం కోసం చూశారు. ఓరుగల్లులో రూక ఇస్తే పూటకూళ్ల ఇంట్లో భోజనం పెట్టేవారని ఒక పద్యం చెబితే, అది ఆయనకు హోటలు బిల్లుతో సమానం. నేను ముప్పై రూపాయల మెస్సులో తిని బస్సుకు వచ్చి ఆ భాగం చదివిన రాత్రి, కాకతీయుల కాలం నాకు పక్క వీధి అయిపోయింది.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. తెలియనిది తెలియదని రాస్తారు. పాత ఆట పేరు ఏదో పద్యంలో వస్తుంది. నిఘంటువు తీస్తే 'క్రీడావిశేషము' అని ఉంటుంది. అంటే ఒక ఆట అని. ఆ మాట చెప్పడానికి నిఘంటువు ఎందుకు అని ఆయన బాధ. ఎవరైనా పల్లెలకు పోయి అడిగి, చూసి రాయాలి కదా అన్న ఆరాటం పుస్తకమంతా కనిపిస్తుంది. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, ఆయన వాదన పెట్టుకోలేదు. ఊరూరి నుంచి సేకరించి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేశారు. మనిషి పద్ధతే అది.

భాష కొంచెం పాతది, మొదటి ముప్పై పేజీలు ఓపిక పట్టాలి. మా గ్రంథాలయంలో ఉన్న ప్రతికి కుట్టు ఊడిపోయింది, నేనే సూదీ దారంతో కుట్టి ఇచ్చాను. మొదటి నుంచి చదవాలని లేదు. ఆటలో, తిండో, దుస్తులో, మీకు ఇష్టమైనది పట్టుకుని లోపలికి పోండి.

సురవరం వారు కోరుకున్న పని ఇంకొకరు చేశారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు. 'మాండలిక వృత్తిపదకోశం'. మొదటి సంపుటం 1962లో వ్యవసాయం మీద, రెండోది 1971లో చేనేత మీద. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

మా నాయన మగ్గం నేసినవాడు. గద్వాల చీర, నూలు ఒళ్లు, పట్టు అంచులు. నూలుకూ పట్టుకూ పోగు పోగు కొండ్లు వేసి కలుపుకుంటూ పోవాలి. ఒంటికి ఒక నాడె (అడ్డపోగు నడిపే షటిల్), చెరో అంచుకు ఒక్కో నాడె. నాకు ఆ పని రాలేదు, పదో తరగతి తర్వాత మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. ఈ చేనేత సంపుటం జిల్లా గ్రంథాలయంలో కనిపించినప్పుడు ఇంటికి ఇవ్వడం కుదరదన్నారు, రిఫరెన్సు పుస్తకం కదా. మంచిదే, ఒక్క ప్రతి ఉంది, పోతే మళ్లీ రాదు. నాలుగు వీక్లీ ఆఫ్‌లు వరసగా అక్కడే కూర్చుని పొడుగు నోటుబుక్కులో మాటలు ఎక్కించుకున్నాను. నూలు తీసినప్పటి నుంచి బట్ట మడత పెట్టేదాకా ప్రతి పనికీ, ప్రతి కర్రముక్కకూ పేరు, అది ఏ ప్రాంతంలో అంటారో గుర్తు, పనిముట్టు బొమ్మ. ఒకే వస్తువుకు ఒక జిల్లాలో ఒక పేరు, పక్క జిల్లాలో ఇంకో పేరు. ఇక్కడ 'విశేషము' అని తప్పించుకోవడం లేదు. మనుషులను పంపి, నేతగాళ్లను అడిగి రాసిన పుస్తకం.

ఆ నోటుబుక్కు తెచ్చి నాయనకు చదివి వినిపించాను. అప్పటికి ఆయనకు చూపు మందగించింది. మంచం మీద కూర్చుని, నేను మాట చదవగానే చేత్తో ఆ పని చేసి చూపించేవాడు. కండె అంటే వేళ్లు తిరిగేవి. ఆసు అంటే మోచెయ్యి అటూ ఇటూ ఆడేది. ఒక మాట దగ్గర ఆపి, "ఇది మనం అనం బిడ్డా, మీ అమ్మ పుట్టింటోళ్లు అంటుండ్రి" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి, "అవు, మా అవ్వ అంటుండె" అంది. ఆమె పుట్టిల్లు తుంగభద్ర అవతల. అంటే పుస్తకంలో ప్రాంతాల గుర్తులు ఎందుకున్నాయో మా ఇంట్లోనే తేలిపోయింది. నది దాటితే మాట మారుతుంది. కృష్ణమూర్తి గారు ఈ వృత్తిపదాల లెక్కతోనే తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా గీశారు. మా అమ్మ అత్తగారింటికి వచ్చి మార్చుకున్న మాట అలాంటి గీత మీద మాట.

నాయన పోయి ఆరేళ్లయింది. ఆ నోటుబుక్కు నా దగ్గర ఉంది. మీ ఇంట్లో వ్యవసాయమో నేతో చేసిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే, దయచేసి ఈ పుస్తకం వాళ్ల ముందు తెరవండి. ఆలస్యం చేయకండి.

తిరుమల రామచంద్ర గారి 'మన లిపి పుట్టుపూర్వోత్తరాలు' నన్ను ఇంట్లోంచి బయటికి లాగి రాయచూరు అవతలిదాకా తీసుకుపోయింది. బ్రాహ్మి అక్షరాలు కొద్దికొద్దిగా మారుతూ మన అక్షరాలెలా అయ్యాయో చెప్పే పుస్తకం. బ్రాహ్మిలో 'క' కూడిక గుర్తులా ఉంటుంది. 'ర' నిలువు గీత. 'గ' తలకిందులుగా పెట్టిన సంచి మూతి, ఇప్పటికీ మన 'గ'లో ఆ వంపు అలాగే ఉంది. 'ఠ' ఉత్త సున్నా, రెండు వేల ఏళ్లలో అది పెద్దగా మారనే లేదు. వాడని టికెట్టు కాగితం వెనక ఇవన్నీ గీసుకున్నాను.

కర్ణాటకలోని మస్కి మాకు దూరమేం కాదు. 1915లో అక్కడ బయటపడిన శాసనంలో 'దేవానాంప్రియుడు' అన్న బిరుదుతోపాటు అశోకుడి పేరు కూడా ఉంది. ఆ బిరుదు ఎవరిదన్న అనుమానం దానితో తీరింది. ఒక ఆదివారం రాయచూరులో బస్సు మారి పోయాను. గుట్ట కింద బండ, బండ మీద మసకగా గీతలు. మొదటి వరుసలో అరగంట వెతికాను. ఎండ పక్కకు పడ్డప్పుడు 'అసోకస' అన్న మాటలో ఆ కూడిక గుర్తు కనిపించింది. మా అమ్మాయికి ఒకటో తరగతిలో దిద్దబెట్టిన 'క' అదే. కాపలా ఉన్న పెద్దాయన కన్నడంలో ఏదో అడిగాడు, నేను చేత్తో చూపించాను, ఆయన కూడా వంగి చూశాడు.

సైన్సు పుస్తకాల్లో నా ఓటు మహీధర నళినీమోహన్ గారికి. ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రవేత్త. కానీ రాత మాత్రం పక్కన కూర్చుని ప్రయాణం చేస్తున్న మనిషి చెప్పినట్టు ఉంటుంది. 'క్యాలెండర్ కథ' పలచటి పుస్తకం, యూనిఫాం జేబులో పడుతుంది. అది చదివాక నాకు తిథులూ వారాలూ మామూలుగా కనిపించడం మానేశాయి. ఏటా మా దగ్గర జాతరలకు స్పెషల్ బస్సులు వేస్తారు. నిరుడు ఈ తేదీకి జరిగిన జాతరకు ఈసారి తేదీ ఎందుకు మారిందని జనం నన్నే అడుగుతారు. చంద్రుడి లెక్కన పన్నెండు నెలలకు 354 రోజులు, సూర్యుడి లెక్కన 365. ఏటా పదకొండు రోజులు వెనక్కి జారుతాయి. మూడేళ్లు తిరగకముందే ఆ బాకీ నెలంత అవుతుంది, అధికమాసం పెట్టి తీరుస్తారు. ఇప్పుడు ఈ మాట టికెట్టు కొట్టేలోపల చెప్పగలను.

ఆదివారం తర్వాత సోమవారమే ఎందుకు రావాలి? ఆ పుస్తకం పట్టించిన పిచ్చితో ఒక రాత్రి దీన్ని కాగితం మీద పెట్టాను. పాతకాలం వాళ్లు ఆకాశంలో నెమ్మదిగా కదిలేవాటి నుంచి వేగంగా కదిలేవాటి దాకా ఒక వరుస పెట్టుకున్నారు: శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. గంటకొకరు చొప్పున కాపలా. ఆదివారం మొదటి గంట సూర్యుడిది. ఏడుగురు మూడు చుట్లు తిరిగితే 21 గంటలు, మిగిలిన మూడు గంటలు సూర్యుడు, శుక్రుడు, బుధుడు. మర్నాడు మొదటి గంట చంద్రుడిది, సోమవారం. మళ్లీ అలాగే లెక్కపెడితే కుజుడు, మంగళవారం. డ్యూటీ చార్టు లాగా ఏడూ సరిగ్గా పడ్డాయి. రాత్రి పన్నెండయింది, డ్రైవరన్నను లేపి చూపించాలనిపించింది. పాపం, తెల్లారి స్టీరింగు పట్టాల్సిన మనిషి అని ఊరుకున్నాను. వారాల పేర్లు దేవుడు పెట్టినవి కావు, మనుషులు ఆకాశం చూసి, భాగించి, శేషం తీసుకుని పెట్టుకున్నవి. నాకు ఆ మనుషుల మీద గౌరవం పెరిగింది.

ఇది నచ్చితే కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారి 'విశ్వాంతరాళం' అడగండి. బొంబాయి అణుశక్తి సంస్థలో శాస్త్రవేత్త, సితార్ వాయించేవారు, 2012లో పోయారు. కొంచెం గట్టి పుస్తకం. రోజుకో వ్యాసం చాలు.

ఇక మనుషుల పుస్తకాలు. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్లు తెచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి పోయి, వాళ్ల మాటలు రికార్డు చేసి, వాళ్ల నుడిలోనే అచ్చేశారు. చౌరస్తాల్లో విగ్రహంగా చూసే చాకలి ఐలమ్మ ఇందులో నోరు తెరిచి మాట్లాడుతుంది. అడవిలో బిడ్డను వదులుకున్న తల్లి కమలమ్మ మాటలు చదివి ఆ రాత్రి నేను పుస్తకం మూసేశాను. మళ్లీ రెండు రోజులకు గానీ తెరవలేదు. వై.బి. సత్యనారాయణ గారి 'మా నాయన బాలయ్య' కూడా అలాంటిదే, నైజాం రైల్వేలో చిన్న నౌకరీ పట్టుకుని పల్లె వెట్టి నుంచి బయటపడిన దళిత కుటుంబం మూడు తరాల కథ. రైల్వే క్వార్టర్ల బతుకు, రాత్రి డ్యూటీలు, బదిలీలు. నౌకరీ అంటే జీతం ఒక్కటే కాదని రవాణాలో పనిచేసే మాకు చెప్పనక్కర్లేదు, ఊళ్లో ఎవడి ముందూ వంగకుండా నిలబడటం కూడా.

'ఒక హిజ్రా ఆత్మకథ' గురించి చెప్పడానికి ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. ఎనిమిదేళ్ల కింద సంత రోజు బస్సులో ఇద్దరు హిజ్రాలు ఎక్కారు. పక్క సీట్ల వాళ్లు లేచి నిలబడ్డారు. వాళ్లు టికెట్టుకు డబ్బులు చాపితే నేను మొహం పక్కకు పెట్టి, చేయి తగలకుండా తీసుకున్నాను. ఒకామె నా చెయ్యి వంక చూసింది. ఏమీ అనలేదు.

తర్వాత రెండేళ్లకు ఈ పుస్తకం చేతికొచ్చింది. రేవతి గారు తమిళనాడు పల్లెలో దొరైస్వామిగా పుట్టిన మనిషి. తను ఆడపిల్లనని లోపల తెలుసు, ఇంట్లో దెబ్బలు. పారిపోవడం, గురువు, శిష్యులైన చేలాలు, కట్టుబాట్లు, పోలీసులు, ఒంటి మీద గాయాలు, తర్వాత బెంగళూరులో తన వాళ్ల హక్కుల కోసం పని. ఏదీ దాచలేదు, జాలి కూడా అడగలేదు. తెలుగులోకి పి. సత్యవతి గారు తెచ్చారు, 2019కి సాహిత్య అకాడమీ అనువాద బహుమతి ఈ పుస్తకానికే వచ్చింది. ఇది అనువాదమని గుర్తు చేసుకుంటే తప్ప తెలియదు. ఇప్పుడు వాళ్లు ఎక్కితే "యాడికమ్మా?" అని అడుగుతాను, చిల్లర చేతిలో పెడతాను. ఆ మొదటి ఇద్దరూ మళ్లీ నా బస్సు ఎక్కలేదు.

ఈ పుస్తకం పెద్దవాళ్లకే, కష్టమైన ఘట్టాలున్నాయి. గ్రంథాలయంలో దీన్ని అడిగితే ఒకచోట నన్ను ఎగాదిగా చూశారు. చూడనీయండి.

హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు వేసిన 'వైద్యుడు లేని చోట' ప్రతి పల్లె గ్రంథాలయంలో టేబుల్ మీద ఉండాలి. మెక్సికో కొండపల్లెల్లో పనిచేసిన డేవిడ్ వెర్నర్ రాసిన పుస్తకానికి తెలుగు. బొమ్మలు చూసి కూడా అర్థం చేసుకోవచ్చు. ఒకసారి దారిలో వాంతులు, విరేచనాలతో నీరసించిన పిల్లాడికి, లీటరు మంచినీళ్లలో తలగొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి గుక్క గుక్కగా తాగిస్తూ ఆస్పత్రి దాకా తీసుకుపోయాం. ఆ కొలత నాకు తెలిసింది ఇలాంటి పుస్తకాల వల్లే. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అందుకే కొలత గుర్తుంచుకోవాలి. ఒక హెచ్చరిక. గ్రంథాలయాల్లో ఉన్నవి పాత ముద్రణలు. మందుల పేర్లు, మోతాదులు చూసి సొంతంగా వేసుకోకండి. జబ్బు ఎలా వస్తుంది, ఎప్పుడు పరుగెత్తాలి, ఏ మూఢనమ్మకం ప్రాణం తీస్తుంది అన్న భాగాలు మాత్రం పాతబడలేదు.

ప్రస్తుతం నా సంచిలో ఉన్నది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే మాటలు తర్జుమా చేసే ఉద్యోగిగా చేసిన మనిషి, 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. బోయీలు, పల్లకీ, దాదాపు వందమంది పరివారం. రోజువారీగా ఎన్ని ఆమడలు నడిచారు, దారి ఇసుకా రాయా, ఊళ్లో నీళ్లున్నాయా, సామాన్లు దొరుకుతాయా, ఇవే రాసుకుంటూ పోయారు. నాకు ఇది మేం ట్రిప్పు లెక్కలు రాసే వేబిల్లులా కనిపిస్తుంది. కృష్ణ దాటి వనపర్తి మీదుగా జడ్చర్ల, అక్కడి నుంచి హైదరాబాదు. ఆ దారిలో ఎన్నిసార్లు టికెట్లు కొట్టానో లెక్క లేదు. మాకు ఒక పూట పట్టే దూరానికి ఆయనకు రోజులు పట్టాయి. వాక్యాలు పొడుగు, మధ్యలో వేదాంతం వస్తే నేను పేజీలు తిప్పేస్తున్నాను, మీరూ తిప్పేయొచ్చు. దారి మళ్లీ అందుతుంది.

నిన్న రాత్రికి ఆయన నాగపూరు చేరారు. వచ్చే శనివారం గడువు. ఇంకో పదిహేను రోజులు పొడిగించమని అడుగుతాను, కాశీ చూడకుండా వాపసు ఇవ్వను. తర్వాత కావాల్సినవాళ్లు ముందే కౌంటర్లో పేరు రాయించుకోండి.